గచ్చుచెరువు పాచి

తెల్లారగానే ఎర్రన్న చీపురు పుచ్చుకుని చెరువు మీదికి నడిచేవాడు. చెరువంటే ఊరి చెరువనుకునేరు. గరివిడిలో మాంగనీసు రాయి వ్యాపారం చేసే జగన్నాధంగారు తన బంగళా పెరట్లో సిమెంటుతో కట్టించుకున్న ఈతకొలను అది. ఆయనొక్కరే దాన్ని స్విమ్మింగ్ పూల్ అనేవారు. ఇంట్లో తక్కినవాళ్ళంతా గచ్చుచెరువు అనేవారు. మెట్ల వైపు నడుం లోతు, అవతలి వైపు నిలువు లోతు. రాత్రి రాలిన వేపాకులు నీళ్ళ మీద తేలుతూ ఉంటే, ఎర్రన్న ఆ నీళ్ళ మీదే నడుచుకుంటూ వెళ్ళి, వాకిలి తుడిచినట్టు తుడిచి, ఓ మూలకి పోగు చేసి గంపకెత్తేవాడు. అరికాళ్ళు మాత్రం కాస్త తడిసేవి.

ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. జగన్నాధంగారికి కలిసొచ్చిన సంగతొకటే కనిపించింది. ఆకులు తీయడానికని కలకత్తా నుంచి తెప్పించిన పొడుగు కర్ర వలని ఆయన చేపలు పట్టుకోమని తోడల్లుడికి ఇచ్చేశారు.

ఆ నడక మొదలై మూడేళ్ళయింది. అరవై అయిదో సంవత్సరం శ్రావణంలో ఎర్రన్న పెళ్ళాం గున్నమ్మ మూడు రోజుల జ్వరంతో పోయింది. కాటి దగ్గర ఎర్రన్న ఏడవలేదు. రేపేడుస్తాడులే అనుకున్నారు. రేపూ ఏడవలేదు, పదో రోజునా ఏడవలేదు. నాలిక్కి ఉప్పూ కారం తెలియడం మానేశాయి. కాల్లో తుమ్మముల్లు దిగితే రెండు రోజుల తర్వాత ఎవరో చూసి చెప్పేదాకా తెలియలేదు. అలాంటి రోజుల్లోనే ఓ పొద్దున బకెట్టు చెయ్యి జారి నీళ్ళలో పడితే, అందుకుందామని మెట్టు దిగాడు. కాలు నీటి మీద ఆగిపోయింది. రెండో కాలూ ఆగిపోయింది. వెళ్ళి బకెట్టు తెచ్చుకున్నాడు. ఆశ్చర్యపడాలంటే కూడా లోపల ఏదో ఉండాలి కదా, అది అతనికి లేదు.

అసలు ఆ చెరువు పుట్టుకే ఓ వేళాకోళం. రాయి కొనడానికి జపాను నుంచి దొరలు వస్తున్నారనీ, వాళ్ళకి ఈతంటే ప్రాణమనీ వైజాగులో ఎవరో చెబితే నమ్మి, జగన్నాధంగారు ఆరు నెలల్లో తవ్వించి, గచ్చు చేయించి, నీళ్ళు నింపించారు. దొరలు వచ్చారు. చెరువు పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నారు. కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక్కడూ కాలి బొటనవేలైనా తడుపుకోలేదు.

వాళ్ళు వెళ్ళిన నెలకి నీళ్ళు పచ్చబడ్డాయి. మొదట గోడలకి సన్నగా జిగురు, మర్నాటికి వెంట్రుకల్లాంటి పాచి, ఆ మర్నాటికి అడుగు కనిపించనంత పచ్చదనం. ఎర్రన్న బ్లీచింగు పౌడరు చల్లాడు. పాచి తెల్లబడి చచ్చింది. అయిదో రోజుకి మళ్ళీ వచ్చింది. మైలుతుత్తం కలిపి పోశాడు. చచ్చింది, మళ్ళీ వచ్చింది. కొబ్బరిపీచుతో గోడలు తోమాడు. చేతికందినంత మేర తోమగలిగాడు గానీ మునగలేడు కాబట్టి అడుగు అలాగే ఉండిపోయేది. కూలీలని దింపితే వాళ్ళు అడుగున ఉన్నదంతా కలియబెట్టి, ఇంక మా వల్ల కాదని వెళ్ళిపోయారు. మూడేళ్ళుగా ఇదే తంతు. ఎర్రన్నకి విసుగు కూడా రాలేదు. అయిదో రోజు పచ్చబడాలి, ఆరో రోజు మందు పోయాలి, అంతే.

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవిలో మళ్ళీ జపాను దొరలు వస్తున్నట్టు కబురొచ్చింది. జగన్నాధంగారు చుట్ట ముట్టించుకుని గట్టు మీదికి వచ్చి నీళ్ళకేసి చూశారు. నీళ్ళు గోంగూర ఉడికినట్టున్నాయి.

"ఒరే ఎర్రన్నా, ఈ నెలాకరు శుక్రవారం దొరలొస్తారు. ఈ నీళ్ళు సూస్తే ఏటనుకుంటారు? ఇన్నాళ్ళూ ఏటి సేస్తన్నావురా?"

"మందు పోస్తన్నాను బాబూ."

"పోస్తన్నావు, మళ్ళీ వస్తన్నాది. ఇంక నా వల్ల కాదు. ఆ శుక్రవారం నాటికి అడుగు కనబడాల. లేదంటే ఎర్రమన్ను తోలించి కప్పెట్టించేస్తాను, గులాబీల తోటని సెప్పుకుంటాను. నువ్వు యార్డులోకి రాళ్ళు కొట్టడానికి ఎల్దువు. ఆ మోటారు గది కూడా కాళీ సేసీ."

మోటారు పక్కనున్న ఆ ఒంటిగదిలోనే, చెరువు తవ్వకముందు నుంచీ, ఎర్రన్నా గున్నమ్మా తొమ్మిదేళ్ళు కాపరం చేశారు. పొయ్యి గున్నమ్మ చేత్తో మెత్తింది. ఇప్పుడు దాన్ని వదులుకోవాలంటే ఏదో ఒకటి అనిపించాలని ఎర్రన్నకి తెలుసు. అనిపించలేదు. "అలగే బాబూ," అన్నాడు.

జగన్నాధంగారు ఉత్తినే కోప్పడి ఊరుకునే మనిషి కాదు. వ్యవసాయ శాఖలో గ్రామసేవకుడిగా పనిచేసే ఉమాపతిని పిలిపించారు. ఉమాపతి పాతికేళ్ళవాడు, సైకిలు వెనక తోలుపెట్టె కట్టుకుని ఊరూరా తిరుగుతూ కొత్తరకం వడ్లకి ఏ ఎరువు ఎంత వెయ్యాలో చెబుతుంటాడు. రైతులు వింటారో లేదో అతనికి అనవసరం, చెప్పడమంటేనే ఇష్టం. చెరువు చూసి సంబరపడ్డాడు. గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, తన పెట్టెలోంచి రెండు సీసాలు తీసి ఒక్కోదాన్లోంచీ రెండేసి చుక్కలు వేశాడు. నీళ్ళు చూస్తుండగానే నీలంగా తిరిగాయి.

"సూసేవా? ఇందులో భాస్వరం ఉన్నాది. బోల్డంత ఉన్నాది," అన్నాడు ఉమాపతి.

"అదేటి బాబూ?"

"పాచికి తిండి. నువ్వు మందు పోస్తే పాచి సస్తాది గానీ దాని తిండి నీళ్ళలోనే ఉండిపోతాది. సచ్చిన పాచిని తిని కొత్త పాచి పుడతాది. నువ్వు సంపుతున్నంతకాలం అది పుడతానే ఉంటాది. ముందు తిండి ఎక్కడ్నుంచి వస్తన్నాదో పట్టుకోవాల."

వెతికితే దొరికింది. గట్టుకి ఆనుకునే జగన్నాధంగారి తల్లి లక్ష్మీనరసమ్మగారి పూలమొక్కలున్నాయి. వాటి మొదళ్ళలో తెల్లగా, బూడిదరంగుగా సూపర్ ఫాస్ఫేటు. వాన పడితే, మొక్కలకి నీళ్ళు పోస్తే, అది నేరుగా చెరువులోకే. ఆ బస్తా ఎవరిచ్చారమ్మా అని ఉమాపతి అడిగాడు. "నువ్వేరా ఇచ్చేవు. మందారాలు పళ్ళేలంత పూస్తాయని సెప్పి మరీ ఇచ్చేవు," అంది ఆవిడ. ఉమాపతి పార తెచ్చుకుని తనే మట్టి ఎత్తిపోశాడు. ఎర్రన్న గట్టు పొడుగునా అడ్డుకట్ట వేశాడు. మందు పోసి చచ్చిన పాచిని పైనుంచి తీయగలిగినంత తీశాడు.

అయిదో రోజుకి నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. గాజుగొట్టంలో నీలం కూడా తగ్గలేదు.

దొరలు రావడానికి పన్నెండు రోజులున్నాయి. ఉమాపతి మెట్టు మీద కూచుని తల గోక్కున్నాడు. "ఇంకెక్కడిదీ తిండి? పశువుల సాల లేదు. సబ్బు నీళ్ళు రావు. ఎక్కడైనా ఎముకల పొడి గాని ఏసేరేటి?"

"ఎముకల్లో ఉంటాదా బాబూ అది?"

"ఎముక నిండా అదే గదా."

"ఏ ఎముకైనా?"

"ఎముక ఎవరిదైతేనేం ఎర్రన్నా?"

ఎర్రన్న చీపురు గోడకి ఆనించి నిలబడ్డాడు. ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చిందని చెప్పలేం. ఎప్పుడూ మరిచిపోలేదు, తలుచుకోవడం మానేశాడు, అంతే.

గున్నమ్మ పోయిన మూడోనాడు ఎర్రన్న కాటికి వెళ్ళి ఎముకలు ఏరి కుండలో పెట్టి తెచ్చుకున్నాడు. శ్రీకాకుళం వెళ్ళి నాగావళిలో కలపాలి. సరిగ్గా ఆ రోజే దొరలొచ్చారు. "రేపెల్దువులే," అన్నారు జగన్నాధంగారు. మర్నాడు మోటారు ఆగిపోయింది. ఆ మర్నాడు ఇంకేదో. ఎముకల కుండ ఇంట్లో పెట్టకూడదు. గది చూరుకి బయట వేలాడుతూ ఉంది. ఎర్రన్నకి అప్పుడొక ఆలోచన తోచింది. చెరువు నింపిన నాడు లక్ష్మీనరసమ్మగారు కాశీ నుంచి తెచ్చి దేవుడి గూట్లో దాచుకున్న రాగిచెంబు విప్పి, మైనం ఊడదీసి, గంగనంతా చెరువులో ఒంపింది. "ఇంక ఇది గంగేరా," అంది. గంగే అయినప్పుడు ఇంక నాగావళిదాకా ఎందుకు? అయితే చెరువులో వేస్తే కనిపిస్తాయి. మోటారు గది పక్కనే వడపోత తొట్టి ఉంది. అడుగున కంకర, దాని మీద బొగ్గు, పైన ఇసక. మోటారు రోజూ మూడు గంటలు చెరువు నీళ్ళని ఆ తొట్టిలోకి ఎక్కిస్తుంది, ఇసకలోంచి దిగిన నీళ్ళు తిరిగి చెరువులో పడతాయి. ఎర్రన్న ఇసక తవ్వి ఎముకలు అందులో పెట్టి కప్పేశాడు. గున్నమ్మకి రోజూ మూడు గంటలు గంగాస్నానం అనుకున్నాడు. ఇంతకంటే ఎవరైనా ఏం చేస్తారు?

అతను తిన్నగా లక్ష్మీనరసమ్మగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో, రెండూ అతనికి ఒకటే. ఆవిడ పెరటి గుమ్మంలో కూచుని పెసరపప్పు ఏరుకుంటోంది. వింటున్నంతసేపూ చెయ్యి ఆపలేదు. విన్నాక ఆపింది.

"మూడు కార్తీకాలు అందులో ములిగేనురా నాను. తలారా ములిగేను."

"అవునమ్మా."

"అవునమ్మా అంటాడు సూడు! ఏటికెందుకు ఎల్లలేదురా ఎదవా?"

"ఆ నాడు దొరలొచ్చినారమ్మా. అయినా అది గంగేనని మీరే అన్నారు గదా."

"గంగ కలిసిందన్నాను గానీ గున్నమ్మని కలపమన్నానేటిరా?"

ఆవిడ అతని ముఖంకేసి చూసింది. తిట్టబోయి, పప్పు చేట పక్కన పెట్టేసింది. గున్నమ్మ తొమ్మిదేళ్ళపాటు ఆవిడ కీళ్ళకి నూనె రాసింది. ఆ చేతులెలా ఉండేవో ఆవిడకి తెలుసు.

"మావోడు దాన్ని మన్నేసి కప్పెట్టేస్తానంటన్నాడు," అందావిడ చివరికి. "కప్పెడితే అది ఏరూ సూడదు, గంగా సూడదు, ఇక్కడే మన్ను కింద పడుంటాది. తీసీ. ఒక్క ముక్క ఒగ్గకుండా తీసి ఏటికి పట్టుకెల్లి కలిపీ. మావోడికి మాత్రం సెప్పకు, ఈ నీళ్ళన్నీ తోడించేస్తాడు. ఈ ఎండల్లో బావి మళ్ళీ నింపలేదు."

అని లేచి, నూతి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టతోనే మూడు చేదలు నెత్తిన కుమ్మరించుకుంది.

ఎర్రన్న ఇసక తవ్వుతుంటే, సంగతంతా విన్న ఉమాపతి పక్కన నిలబడ్డాడు. కుండెడు ఎముకలు పెట్టిన చోట పిడికెడు దొరికాయి. అవీ సుద్దముక్కల్లా నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఎర్రన్న మోచేతిదాకా చెయ్యి పెట్టి కంకరలో దేవాడు. బొగ్గు జల్లించాడు. ఇంకేమీ లేదు.

"తక్కినాయి ఏవి బాబూ?"

"కరిగిపోయేయి. నీళ్ళలోకి పోయేయి." ఉమాపతి గొంతు తగ్గించాడు. మొదటిసారి అతనికి చెప్పడం ఇష్టంగా లేనట్టుంది. "పాచి తాగేసింది ఎర్రన్నా. ఆ పచ్చదనమంతా అదే."

ఎర్రన్న చెరువుకేసి తిరిగాడు. ఎండలో నీళ్ళు నిండుగా పచ్చగా ఉన్నాయి. మూడేళ్ళలో అది ఎన్నిసార్లు వచ్చిందో! ప్రతి అయిదో రోజూ వచ్చింది. ప్రతి ఆరో రోజూ తను డబ్బాతో మైలుతుత్తం పోశాడు. చచ్చినదాన్ని చీపురుతో ఊడ్చి పెంటకుప్ప మీద పారేశాడు. అది మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు చంపితే అన్నిసార్లు వచ్చింది. అతను ఒక్కసారైనా ఎందుకొస్తున్నావని అడగలేదు.

గుండెల్లో ఎక్కడో పట్టేసినట్టయింది. నొప్పి. ఎర్రన్నకి అది నొప్పని పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. ఎటు పోవాలో తోచక, రోజూ పోయినట్టే చెరువు మీదికి కాలు వేశాడు. కాలు ఆగలేదు. మోకాలిదాకా, నడుందాకా దిగిపోయింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మూడేళ్ళలో ఒంటికి తగిలిన మొదటి చలి అది. అరికాళ్ళ కింద అడుగు మెత్తగా, జిగురుగా, జారుడుగా తగిలింది. ఎర్రన్న పళ్ళు బిగించి అలాగే నిలబడిపోయాడు.

"దిగిపోయేవేటి?" అన్నాడు ఉమాపతి.

"దిగిపోయేను బాబూ."

"అయితే మంచిదే. పని అవుతాది."

పనంటే ఇదీ: మోటారు ఆపేసి, పటిక దంచి నీళ్ళలో కలిపి పొయ్యాలి. నీళ్ళలో కరిగి ఉన్న భాస్వరాన్ని పటిక పట్టుకుని, పాచిని కూడా లాక్కుని, అడుక్కి దిగుతుంది. దిగినదాన్ని కదపకుండా పైకి ఎత్తెయ్యాలి. ఉమాపతి మైలుతుత్తం సంగతి ఎత్తబోతే ఎర్రన్న వద్దన్నాడు. "ఇంక దానికి ఇసం పొయ్యను. సేత్తో తీస్తాను."

పటిక వేసి రెండు రోజులు ఆగాక ఎర్రన్న పని మొదలెట్టాడు. పసిపిల్లని ఎత్తినంత నెమ్మదిగా ఎత్తాడు. మెట్ల వైపు నిలబడి, అవతలి వైపు ఊపిరి బిగించి మునిగి, ఇనప గమేళాతో అడుగున పేరుకున్నదాన్ని కదలకుండా తీసి, పాత పంచెలో వడగట్టి, పిండకుండా నీరు ఓడనిచ్చి, బిందెల్లోకి ఎత్తాడు. గోడలకి అంటుకున్నది గోళ్ళతో గీకాడు. కళ్ళు మండాయి. వేళ్ళు పగిలాయి. ఆకలేసింది. గదిలోకి వెళ్ళి గంజి తాగితే ఉప్పు ఎక్కువైనట్టు తెలిసింది. మూడు రోజులు పట్టింది. రెండు బిందెలు నిండాయి. పైన ఆ పిడికెడు ముక్కలూ పెట్టి, మూతులకి గుడ్డ కట్టాడు.

ఆదివారం పొద్దున జగన్నాధంగారి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "బాబూ, రేపు నాను ఏటికెల్తన్నాను."

"దొరలొచ్చే వారంరా ఇది! వాళ్ళెళ్ళాక ఎల్దువులే."

"లేదు బాబూ. రేపే ఎల్తాను."

ఎర్రన్న అంతకుముందెప్పుడూ ఆయనకి లేదని చెప్పలేదు. జగన్నాధంగారు చుట్ట నోట్లోంచి తీశారు. లోపల్నుంచి లక్ష్మీనరసమ్మగారు, "ఎల్లనీరా ఆణ్ణి," అని కేకేసింది. ఆయన చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నారు.

చీపురుపల్లిలో బస్సు మారాడు. బిందెలు చూసి కండక్టరు ముక్కు మూసుకున్నాడు.

"ఏటవి? సేపలా?"

"మా ఇంటిది," అన్నాడు ఎర్రన్న.

కండక్టరు ముక్కు మీంచి చెయ్యి తీశాడు. పైన వెయ్యమనబోయినవాడు, ముందు సీటు కింద తనే సర్ది పెట్టి, ఆ సీట్లో కూచున్న మనిషితో, "కాళ్ళు తగలకుండా సూసుకో మావా," అన్నాడు.

నాగావళిలో నీళ్ళు పల్చగా పాయలుగా పారుతున్నాయి. ఎర్రన్న గుండు చేయించుకుని, వంతెనకి ఎగువగా ఇసకలో నడిచి, మోకాలి లోతు పాయలో దిగాడు. ఒక బిందె ఒంపాడు. రెండోది ఒంపాడు. నీళ్ళు కాస్త దూరం పచ్చగా వెళ్ళి, ఆ తర్వాత మామూలుగా వెళ్ళాయి. కాళ్ళ కింద ఇసక కొట్టుకుపోతుంటే నిలదొక్కుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు. ఏడుపు రాలేదు. వస్తుందనుకున్నాడు గానీ రాలేదు.

మంగళవారం వచ్చి తొట్టిలో కొత్త ఇసక పోసి మోటారు వేశాడు. బుధవారం నీళ్ళు తేటగా ఉన్నాయి. గురువారం ఉమాపతి గాజుగొట్టంలో చుక్కలు వేస్తే రంగు తిరగలేదు. ఉమాపతి ఎగిరి గంతేసినంత పనిచేసి, ఎర్రన్న ముఖం చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఏటిలో కలిపిన సోమవారం నుంచి లెక్కేస్తే శుక్రవారం అయిదో రోజు. చీకటి విడుతుండగానే ఎర్రన్న గట్టు మీదికి వచ్చి కూచున్నాడు. దొరల సంగతి అతనికి గుర్తు లేదు. ఎప్పుడూ పచ్చదనం మొదలయ్యే మూల, మెట్ల పక్క, నీళ్ళలోకి వంగి చూశాడు. చెయ్యి పెట్టి గోడ తడిమాడు. గచ్చు గరుగ్గా తగిలింది. రెండో మూల తడిమాడు. వెలుగొచ్చింది. అవతలి వైపు నిలువు లోతులో కూడా అడుగు తెల్లగా కనిపించింది. మధ్యాహ్నానికైనా వస్తుందేమోనని ఒక ఆశ పుట్టింది, రాదని కూడా తెలిసింది. అప్పుడు ఎర్రన్న మెట్టు మీద చతికిలబడి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి, ఊళ్ళో వాళ్ళు మూడేళ్ళ కిందట ఎదురుచూసిన ఏడుపు ఏడ్చాడు.

జగన్నాధంగారు ఉతికిన పంచె కట్టుకుని వచ్చారు. నీళ్ళు చూశారు. అడుగు చూశారు. ముఖం వెలిగిపోయింది.

"పనోడివిరా ఎర్రన్నా! అద్దంలాగున్నాది. ఇంక నీ గదికీ ఢోకా లేదు, నీకూ ఢోకా లేదు." అప్పుడు చూశారు అతన్ని. "మరేటలగ ఏడుస్తన్నావు? ఏటైనాది?"

ఎర్రన్న తడిచేత్తోనే ముఖం తుడుచుకున్నాడు.

"నీళ్ళు తేరిపోయేయి బాబూ."